గారెకు చిల్లు, మైక్రోవేవ్‌లో అరటిపండు

ప్రశ్న: అక్కా, నమస్తే అండి. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. మా మరిది హైదరాబాద్ నుంచి వస్తూ మైక్రోవేవ్ తెచ్చాడు. ఇన్నాళ్ళూ అన్నం, కూర వేడి చేసుకోవడానికే వాడాను. మా ఇంటికి చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగుతూంటారు. అరటిపళ్ళకు లోటు లేదు కదా అని మొన్న అందులో హల్వా చేయబోయాను. పది నిమిషాలు పెడితే అంచులు మాడి రాయిలా అయ్యాయి, మధ్యలో పచ్చిగానే ఉంది. ఇంకోసారి పాలూ బెల్లమూ పోసి పెడితే విరిగి, పొంగి, పెట్టె అంతా పాడైంది. మా అత్తగారు "దాంట్లో కిరణాలుంటాయంట, నాకొద్దు" అని గిన్నె పక్కకు జరిపేశారు. పది నిమిషాల్లో అయ్యే పండ్ల తీపి ఏదైనా ఉందా? ఏ పండు, ఏ గిన్నె, ఎంతసేపు? (ఒక కోడలు, కోనసీమ)

సమాధానం:

చెల్లెమ్మా,

గారె తట్టేటప్పుడు మధ్యలో వేలితో చిల్లు ఎందుకు పెట్టాలో నీకు ఎవరూ పనిగట్టుకుని చెప్పి ఉండరు. అయినా పెడతావు. చిల్లు లేకపోతే అంచు కరకరలాడుతుంది, నడుమ మాత్రం పిండి పిండిగా ఉండిపోతుంది. నీ హల్వాకు పట్టిన గతి సరిగ్గా అదే. పెట్టె కొత్తది, జబ్బు పాతది.

మైక్రోవేవ్‌లో కింద మంట ఉండదు. లోపలి గోడలకు తగిలి తిరిగే తరంగాలు పండులోని నీటిని కుదిపి వేడి పుట్టిస్తాయి. వాటి జోరు పైనుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకే. అక్కడి నుంచి లోపలికి వేడి తనంతట తాను పాకాలి, అదీ నెమ్మదిగా. నువ్వేమో గుజ్జును కుప్పగా పోసి పది నిమిషాలు వదిలేశావు. అంచులకు పైనుంచీ పక్కనుంచీ దెబ్బ తగిలింది. నీరు ఉన్నంతసేపూ వేడి నూరు డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీరు ఆవిరైపోయిందా, మిగిలిన చక్కెర ఆ గీత దాటి ముదురు పాకమై, రాయై, ఆఖరికి మాడుతుంది. మధ్యలో ఉన్న గుజ్జుకు ఈ గొడవేమీ తెలియనే తెలియదు.

అసలు హల్వా ఆ పెట్టెకు అప్పగించే పని కాదు. హల్వా అంటే నీటిని ఇగరబెడుతూ, అడుగంటకుండా తిప్పుతూ, నెయ్యి వదిలేదాకా కాపలా కాయడం. మైక్రోవేవ్‌లో చేయలేమని కాదు, రెండేసి నిమిషాలకోసారి తీసి కలుపుతూ పోతే అవుతుంది. అన్నిసార్లు తలుపు తీసి వేసేకన్నా పొయ్యి మీద మూకుడు పెట్టుకోవడమే సుఖం అని నా లెక్క. ఈ పెట్టెకు బాగా చేతనైన పని వేరే ఉంది. పండును దాని సొంత నీటిలోనే రెండు నిమిషాల్లో మెత్తబరుస్తుంది. బాగా పండిన పండైతే సగం వంట చెట్టు మీదే అయిపోయింది, మనం చేయాల్సింది కొద్దిగానే.

మీ ఇంట్లో ఉన్నది అరటి కాబట్టి దాని సంగతే ముందు చూద్దాం. రావులపాలెం మార్కెట్ పక్కన ఉండి అరటిపండు కోసం వెతుక్కోవాల్సిన పని మనకు లేదు గానీ, ఏ అరటి అన్నది మాత్రం చూసుకోవాలి. తెల్ల చక్రకేళి ఒలిచి తినడానికి రాజా. వేడి తగిలితే మాత్రం గుజ్జైపోతుంది. అమృతపాణి అంతకన్నా నాజూకు. దీనికి కర్పూరమే సరైనది. ముక్క విడిపోదు, లోపల కాస్త పులుపు ఉంటుంది కాబట్టి బెల్లంలో పడ్డా మొహం మొత్తదు. తొక్క మీద నల్ల చుక్కలు పడటం మొదలైన అత్తం తీసుకో. తొక్క అంతా నల్లబడిందంటే అది అప్పాలకు పనికొస్తుంది, దీనికి కాదు.

నలుగురికి ఆరు కర్పూరం పళ్ళు చాలు. నాలుగు పెద్ద చెంచాల బెల్లం తురుము, రెండు చెంచాల నీళ్ళు ఓ గాజు గిన్నెలో పోసి ఒక నిమిషం పెట్టు. తీసి కలిపి, టీ వడపోసే జాలీలో వడకట్టు. ఇది మాత్రం మానకు, బెల్లంలో ఇసుక పంటి కింద పడితే చుట్టం మర్యాదకు నవ్వుతాడు గానీ మళ్ళీ చెంచా ముంచడు. వెడల్పాటి గాజు పళ్ళెంలో అంగుళం మందాన కోసిన అరటి చక్రాలను గుండ్రంగా పేర్చు. మధ్యలో ఖాళీ వదులు. అదే నీ గారె చిల్లు. బెల్లం పాకం, ఒక చెంచా నెయ్యి వాటి మీద పోసి, ఆవిరి పోయే సందు వదిలి పింగాణీ పళ్ళెం మూత పెట్టు. ఫుల్ మీద ఒక నిమిషం.

ఆ నిమిషం పక్కకు పోకుండా అద్దంలోంచి చూడు. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. అరనిమిషం దాటాక ముక్కల చుట్టూ బెల్లం సన్నటి బుడగలుగా లేస్తుంది, మూత లోపలి వైపు చెమట పడుతుంది. తీసేసరికి ముక్కల అంచులు తేనెరంగుకు తిరిగి, నడుమ ఉన్న గింజల చుక్కలు నల్లగా తేలి ఉంటాయి. చెంచాతో ఒక్కొక్క ముక్కనూ తిరగెయ్యి, మళ్ళీ ముప్పావు నిమిషం. అంతే. ఇప్పుడు మూత తీయకుండా రెండు నిమిషాలు బయట ఉంచు. పెట్టె ఆగినా పండులో వేడి ఇంకా పాకుతూనే ఉంటుంది, ఆఖరి మెత్తదనం ఆ రెండు నిమిషాల్లోనే వస్తుంది. "ఇంకా గట్టిగా ఉందే" అని తొందరపడి ఇంకో నిమిషం పెట్టేవాళ్ళే చివరికి జావ తింటారు.

పండు పెట్టెలో ఉండగానే నువ్వు అరచిప్ప కొబ్బరి తురిమి, అరకప్పు వేడినీళ్ళతో మిక్సీ పట్టి గట్టిగా పిండుకో. మొదటిసారి పిండిన చిక్కటి పాలే కావాలి. గిన్నెల్లో అరటి ముక్కలు సర్ది, వడ్డించే ముందు ఈ పాలు మీద పోసెయ్యి. యాలకుల పొడి, చిటికెడు ఉప్పు. పోశాక మళ్ళీ పెట్టెలో పెట్టకు. గట్టిగా మరిగితే కొబ్బరి పాలు విరిగి పైన నూనె తేలుతుంది, చూడ్డానికి బాగోదు.

దీని మీద కరకరలాడేది ఏదైనా పడాలి. టీవీ వంటల్లో బిస్కెట్లు నలిపి చల్లుతారు. మనకెందుకు బిస్కెట్లు? పూతరేకుల డబ్బా అడుగున విరిగిన రేకులు ఎప్పుడూ ఉంటాయి. వాటిని చేత్తో నలిపి పైన చల్లు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంతటిదాన్ని నలిపేయమంటావా అని కోప్పడకు. విరిగినవే అంటున్నాను. రేకు తడి తగిలిన క్షణంలో మెత్తబడిపోతుంది కాబట్టి చుట్టం చేతికి గిన్నె ఇచ్చే ముందే చల్లాలి. జీడిపప్పు వేసుకుంటావంటే, చెంచా నెయ్యి రాసి పళ్ళెంలో పరిచి ఒక నిమిషం, కలిపి మరో అరనిమిషం. లేతరంగులో ఉండగానే తీసెయ్యి, బయటకు వచ్చాక కూడా రంగు తిరుగుతూనే ఉంటుంది. ఎర్రబడేదాకా ఆగితే నల్లబడ్డాక తింటావు.

ఇక నీ పాలు ఎందుకు విరిగాయంటే, ఆ తప్పు పెట్టెది కాదు. బెల్లంలో కొంచెం పులుపు గుణం ఉంటుంది, మరుగుతున్న పాలలో పడితే విరగ్గొడుతుంది. పొయ్యి మీద పాయసం చేసేటప్పుడు దించాక, కాస్త చల్లారాక బెల్లం వేస్తావు కదా, ఇక్కడా అంతే. పొంగడం మాత్రం గిన్నె వల్ల. మైక్రోవేవ్‌లో పాలు పెట్టేటప్పుడు గిన్నె పెద్దది ఉండాలి, మూడోవంతుకు మించి పోయకూడదు. పొయ్యి మీదైతే పొంగు కనపడగానే మంట తగ్గిస్తాం. ఇక్కడ తలుపు తీసేలోపే పాలు పళ్ళెం కిందకు చేరుతాయి.

గిన్నెల దగ్గర నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను. మా పెళ్ళికి ఎవరో ఇచ్చిన పింగాణీ గిన్నె, చుట్టూ సన్నటి బంగారు గీత. స్టీలు కాదు కదా అని ధైర్యంగా పనస తొనలు వేసి పెట్టాను. పది సెకన్లకు లోపల దీపావళి. ఆ గీత పొడుగునా నీలంగా మెరుపులు, టపటపమని చప్పుడు. నేను ఆపే బటన్ వెతుక్కునేలోపు మా ఆయన వచ్చి ప్లగ్గే పీకేశారు. గీత మాడి నల్లబడింది, గిన్నె ఇప్పటికీ ఉంది, మొక్కజొన్న గింజలు పోసుకుంటాను. స్టీలు గిన్నె, అల్యూమినియం రేకు, జరీ గీతల పింగాణీ ఏవీ వద్దు. లోహం తరంగాలను వెనక్కి కొడుతుంది, పదార్థం వేడెక్కదు, పైగా నిప్పురవ్వలు. ప్లాస్టిక్ డబ్బా మీద మైక్రోవేవ్‌కు పనికొస్తుందని రాసి ఉన్నా బెల్లం పాకానికి వాడకు. పాకం నీళ్ళకన్నా బాగా ఎక్కువ వేడెక్కి ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. మెలమైన్ పళ్ళాలు కూడా వద్దు. పాత పింగాణీ గిన్నె మీద అనుమానం ఉంటే, గీతలూ అవీ లేకపోతేనే సుమా, ఖాళీగా పెట్టి పక్కన గాజుగ్లాసుతో నీళ్ళు ఉంచి ఒక నిమిషం తిప్పు. నీళ్ళు వేడెక్కి గిన్నె చల్లగా ఉంటే మంచిది. గిన్నె కాలుతుంటే మళ్ళీ అలమరలో పెట్టెయ్యి.

నేను చెప్పిన నిమిషాలు నీ పెట్టెలో అచ్చంగా సరిపోతాయని అనుకోకు. ఒక్కొక్కటి ఒక్కో బలం, వెనకాల చీటీ మీద వాట్లలో రాసి ఉంటుంది. నా లెక్కలు 700, 800 వాట్ల వాటికి. చీటీ చిరిగిపోతే ఒక కప్పు నీళ్ళు, అంటే 250 మిల్లీలీటర్లు, గాజుకప్పులో పోసి అందులో చెక్క గరిటె ఒకటి నిలబెట్టి పెట్టు. రెండు, రెండున్నర నిమిషాల్లో మరిగితే నా లెక్క నీకూ సరిపోతుంది. మూడు దాటితే ప్రతిదానికీ కొంచెం కలుపుకో. గరిటె ఎందుకంటే, నున్నటి గాజులో నీళ్ళు ఒక్కోసారి బుడగ లేకుండానే మరుగు దాటి ఉండి, కప్పు కదిపితే చివ్వున మీదకు ఎగుస్తాయి. సాయంత్రాలు ఓల్టేజీ పడిపోయే ఊళ్ళో ఉన్నావంటే పొద్దున రెండు నిమిషాలు పట్టింది రాత్రి మూడు పట్టొచ్చు, పెట్టె చెడిపోయిందని టెన్షన్ పడకు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడపాలని మాత్రం చూడకు. 800 వాట్ల వేడి ఇచ్చే పెట్టె గోడలోంచి 1200 దాకా లాగుతుంది, ఫ్యాన్లకూ లైట్లకూ పెట్టుకున్న ఇన్వర్టర్ దాన్ని మోయలేదు.

ఇప్పుడు మీ అత్తగారి కిరణాల సంగతి. ఆవిడ భయానికి నవ్వకు, ఆ పేరు వింటే ఎవరికైనా ఎక్స్‌రేలే గుర్తొస్తాయి. ఇవి రేడియో, సెల్‌ఫోన్ తరంగాల జాతివి. వస్తువును వేడి చేస్తాయి తప్ప అందులో ఉండిపోవు. తలుపు తీయగానే ఆగిపోతాయి, లైటు ఆర్పితే వెలుగు గదిలో మిగలనట్టే. తలుపు అద్దంలో సన్న చిల్లుల జల్లెడ కనిపిస్తుంది చూడు, దాన్ని ఆవిడకు చూపించు. ఈ తరంగం ఒక్కోటి 12 సెంటీమీటర్ల పొడవు. చిల్లులేమో మిల్లీమీటర్లలో ఉంటాయి. పిండి జల్లించే జల్లెడలోంచి గుమ్మడికాయ దూరుతుందా? అయితే తలుపు వంకర పోయినా, సరిగ్గా మూతపడకపోయినా, అద్దం పగిలినా వాడకూడదు, ఆ జాగ్రత్త నిజమే. ఇంకో ముచ్చట కూడా చెప్పు. 1945లో అమెరికాలో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు రాడార్ యంత్రం దగ్గర నిలబడి ఉంటే జేబులో ఉన్న మిఠాయి కరిగిపోయిందట, ఆ ఆలోచన నుంచే ఈ పొయ్యి పుట్టింది. అంటే దీని బోణీయే తీపితో. ఇవన్నీ చెప్పినా ఆవిడ ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు వాదించకుండా కొబ్బరి పాలు పిండే పని ఆవిడకే అప్పగించు. తాను పిండిన పాలు ఎలా కలిశాయో చూడకుండా ఉండలేరు.

మిగతా పళ్ళ విషయానికొస్తే, మామిడిని వేడి చేయకు. కాలువలు కట్టేసే రోజుల్లో, బజారులో ముంజలూ రసాలూ ఒకేసారి వచ్చినప్పుడు, పచ్చిగా తినాల్సిన పండుకు ఆవిరి పట్టడం పాపం. వాసన అంతా ఎగిరిపోతుంది. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడి దొరికితే అసలు వంటింట్లోకే తీసుకెళ్ళకు, పిసికి చీకెయ్యి. రసాలు మిగిలిపోతే ఇలా చెయ్యి: ఒక కప్పు పాలపొడి, అరకప్పు పాలు, చెంచా నెయ్యి ఉండలేకుండా కలిపి ఒక నిమిషం, కలిపి మరో నిమిషం, ఇంకోసారి కలిపి అరనిమిషం. కోవా అయిపోతుంది. పూర్తిగా చల్లారాక మామిడి రసంలో కలుపు, పైన ముంజలు చీల్చి వెయ్యి. పెట్టెలోకి వెళ్ళింది పాలు మాత్రమే, పండు కాదు.

అనాస దీనికి తలకిందులు. పచ్చి అనాస పాలలో పడితే కాసేపటికి చేదెక్కుతుంది, అందులో పాలలోని మాంసకృత్తులను కోసేసే ఎంజైము ఉంటుంది. వేడికి అది చచ్చిపోతుంది. రెండు కప్పుల ముక్కలకు నాలుగు చెంచాల పంచదార వేసి, మధ్యలో ఒకసారి కలుపుతూ నాలుగు నిమిషాలు మూత లేకుండా పెట్టు. చల్లార్చి కస్టర్డులోనో, కట్టు పెరుగులోనో కలుపు. సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలతో నిండినప్పుడు ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవడానికి దీన్ని మించింది లేదు.

ఆపిల్ అంటావా, తొడిమ వైపు నుంచి నడుము తొలిచి, అందులో నెయ్యి, పంచదార, దాల్చినచెక్క పొడి, కిస్‌మిస్ కూరి, ఒక కాయకు రెండున్నర నిమిషాలు. తొక్క మీద ఫోర్కుతో నాలుగైదు చోట్ల గుచ్చడం మరవకు, లేకపోతే లోపలి ఆవిరికి దారి లేక టప్పున పేలుతుంది. తొక్క ఉన్న ఏ పండుకైనా ఇదే మాట. బొప్పాయి, సపోటా వేడి చేస్తే నాకు నచ్చవు, ఎవరికైనా నచ్చితే వాళ్ళిష్టం.

పిల్లలు ఉన్న ఇల్లయితే ఒకటి చూసుకో. పైన చల్లగా అనిపించిన ముక్క లోపల, ముఖ్యంగా పాకం పట్టిన చోట, నాలుక కాలేంత వేడిగా ఉంటుంది. కలిపి, రెండు నిమిషాలు ఆగి, నువ్వు రుచి చూశాకే చేతికివ్వు.

పనస తొనలు మాత్రం చుట్టాలు లేని రోజున చెయ్యి. గింజ తీసి చీలికలు చేసి బెల్లం పాకంలో మూడు నిమిషాలు పెడితే అద్భుతంగా ఉంటాయి గానీ, ఆ వాసన పెట్టెలోంచి రెండు రోజులు పోదు. తర్వాత వేడిచేసిన పప్పుచారు కూడా పనసే అంటుంది. అప్పుడు గిన్నెడు నీళ్ళలో నిమ్మ చెక్కలు వేసి మూడు నిమిషాలు మరిగించి, తలుపు తీయకుండా అయిదు నిమిషాలు వదిలి, గుడ్డతో తుడువు. మొన్న పొంగిన పాల మరకలు గోడలకు ఎండి ఉంటాయి కదా, అవీ దాంతోనే ఊడొస్తాయి.